రెండడుగుల నాలుగంగుళాలు

చచ్చిపోయిన దొంగ మంగళవారం పొద్దున టీకొట్టు దగ్గర ఆరడుగులున్నాడు. మధ్యాహ్నం వడ్రంగి మేస్త్రి కొట్టుకి వచ్చేసరికి ఆరున్నర అయ్యాడు. సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చి, పదిమంది చేరి చెక్కల మీద సర్దుకుని కూచునేసరికి ఏడడుగులు దాటిపోయి, తల వంచుకుంటే తప్ప గుమ్మంలో పట్టనంత వాడయ్యాడు.

"వంచుకున్నా తగిలిందయ్యా నడినెత్తికి," అన్నాడు మేస్త్రి, చెవి మీది పెన్సిలు తీసి గాల్లో గుమ్మం గీస్తూ. "ఆ ద్వారబంధం చేసింది నేనేగా, కొలత నాకు తెలీదూ? ఆరడుగుల ఆరంగుళాలు. దాన్లో వాడు పట్టలేదు. మా బావమరిది ఎంత? నా భుజానికొస్తాడు. టిక్కెట్లు చింపే చేతులు. ఆ చేతుల్తో నేను చేసిచ్చిన అడ్డకర్ర ఎత్తి..."

చెక్కల మీద వాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఈ కథ అప్పటికి ఆరోసారి వింటున్నారు. అయినా మేస్త్రి నోట వినడం వేరు. ఒకప్పుడు తాను చిత్రిక పడితే వచ్చిన పొట్టు ఎక్కడా తెగకుండా వీధి చివరిదాకా దొర్లుకుంటూ పోయిందనీ, పోస్టుమాను దాన్ని ఉండచుట్టి ఉత్తరాలతో పాటు తెచ్చిచ్చాడనీ చెప్పిన మనిషి ఆయన. అబద్ధమని అందరికీ తెలుసు. పోస్టుమానుకి కూడా తెలుసు. అడిగితే మాత్రం ఆ పోస్టుమానే అవునని తలాడించేవాడు.

జరిగింది ఇంతే. కిందటి బుధవారం మధ్యాహ్నం రెండింటికి మేస్త్రి బావమరిది, బస్సు కండక్టరు, డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. ఇంట్లో పరాయి మనిషి ఉన్నాడు. తలుపు పక్కనున్న అడ్డకర్రతో కొట్టాడు. ఆ మనిషి పోయాడు. పోలీసులు కండక్టర్ని రెండు రోజులు స్టేషన్లో కూచోబెట్టి ఇంటికి పంపారు. శుక్రవారం దర్యాప్తు ఆఫీసరు ఇల్లు చూడ్డానికి వస్తాడు. ప్రాణభయంతో కొట్టాడని ఆయన రాస్తే కేసు లేదు. ఇంకోలా రాస్తే కండక్టరు తలనెరిసేదాకా జైల్లో ఉంటాడు.

అందుకే టీకొట్టు గల్లాపెట్టె పక్కన ఓ దస్తా కాగితం పెట్టారు. ఇంట్లో దూరినవాణ్ణి ఇంటి మనిషి ఏం చేసినా కేసు పెట్టకూడదు, చట్టం మార్చాలి అని పైన రాసుంది. మొదటి సంతకం మేస్త్రిది. అది ఎంత పొడుగు పెట్టాడంటే పక్కన రావలసిన ఇద్దరు కింద లైనుకి దిగాల్సొచ్చింది.

"నూట ఎనభై ఆరయ్యాయి," అన్నాడు టీకొట్టాయన ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ. "ఆస్పత్రి వీధివాళ్ళు వాళ్ళకో కాగితం కావాలని పట్టుకెళ్ళారు. పేపర్లో కూడా అడుగుతున్నారట, జనం ఏమనుకుంటున్నారని. నూటికి తొంభైమంది మనవైపే."

"మిగతా పదిమందీ దొంగలై ఉంటారు," అన్నాడు దర్జీ. నవ్వులు. దర్జీ మెళ్ళో టేపు ఎప్పుడూ పాములా వేలాడుతూ ఉంటుంది. "ఇంట్లోకి దూరినప్పుడే వాడు సగం చచ్చినట్టు. మిగతా సగం ఇంటాయన ఇష్టం."

మూల కుర్చీలో కూచున్న కోర్టు గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. ఉద్యోగం విరమించి ఏడేళ్ళయినా, మాట్లాడేముందు లేచి నిలబడదామా అని ఓ క్షణం ఆలోచించే అలవాటు ఆయనకి పోలేదు.

"చట్టం మరీ అంత గుడ్డిదేం కాదయ్యా. వాడు మీదకొస్తుంటే కొట్టు, చచ్చినా ఎవడూ అడగడు. వాడు వెనక్కి తిరిగి పోతుంటే మాత్రం చెయ్యి ఆపాలి. అంతే తేడా. ఆఫీసరు వచ్చి చూసేది కూడా అదే."

"ఓహో! అయితే కాస్త ఆగు నాయనా, నువ్వు వస్తున్నావా పోతున్నావా అని అడిగి మరీ కొట్టాలన్నమాట. లేకపోతే ఈ టేపు పెట్టి వాడి మొహం ఎటుందో కొలిచి చూడాలి," అన్నాడు దర్జీ.

అందరికంటే ఎక్కువ నవ్వింది మేస్త్రే. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఏడడుగులవాడు వెనక్కి తిరగాలంటే నా బావమరిది ఇంట్లో చోటేదయ్యా?" అన్నాడు.

గుమాస్తా నవ్వలేదు. "సరే. నా స్టూలు కాలు ఎప్పుడిస్తావు?"

"రేపు."

"ఏ నెల రేపు?"

ఈసారి నవ్వు మేస్త్రి మీదకి మళ్ళింది. వీధిలో ఆయన్ని వెనకాల 'రేపు మేస్త్రి' అంటారు. ముందర కూడా అంటారు, ఆయన పట్టించుకోడు.

*

బుధవారం పొద్దున మేస్త్రి భార్య ఆయనకి కాఫీ ఇవ్వలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఎనిమిది నెలల్నించి అడుగుతున్నాడు నా తమ్ముడు. తలుపు గడపకి పట్టేస్తోంది బావా, కాస్త చిత్రిక పట్టు అని. నువ్వు రేపంటూనే ఉన్నావు. ఈ పూట ఆ మాట అన్నావంటే ఈ కాఫీ మొక్కలకి పోస్తాను."

"ఇంత గొడవలో ఇప్పుడు తలుపెందుకే?"

"ఎల్లుండి ఆఫీసరొస్తున్నాడు. ఇల్లు ఇల్లులా ఉండొద్దూ? చిత్రిక పట్టి రంగు కూడా వేసెయ్యమంది మరదలు."

"రంగా? వానల్లోనా? ఆరడానికి వారం పడుతుంది. ఏ బుద్ధున్నవాడైనా..."

"వెయ్యమంది, వెయ్యి," అంది ఆమె మొగుడి వంక చూడకుండా, పొయ్యి మీది గిన్నె వంక చూస్తూ. గ్లాసు ఇచ్చేసింది.

కండక్టరు ఇల్లు వరసిళ్ళలో నాలుగోది. రెండు గదులు, వెనక వంట చేసుకునే చోటు, ముందు ఒకే తలుపు. ఆ తలుపంటే మేస్త్రికి ముద్దు. పచ్చరంగు, ఒంటి రెక్క, మంచి చేవగల కర్ర. కాకపోతే గడప వైపు మూల పావంగుళం ఎక్కువ వదిలాడు, ఎండాకాలంలో కర్ర బిగుసుకున్నాక సరిపోతుందిలే అని. ఎండాకాలం అలాగే సరిపోయింది. మొదటి వాన పడగానే ఉబ్బి గడపని కరుచుకుంది. లోపల్నుంచి తియ్యాలంటే పిడి పట్టుకుని పైకెత్తాలి, కింది మూల కాలి బొటనవేలితో ఓ తన్ను తన్నాలి, అప్పుడు లాగాలి. ఎత్తు, తన్ను, లాగు. ఇంటికొచ్చిన చుట్టాలకి ముందు మంచినీళ్ళు, తరవాత ఈ విద్య. మేస్త్రి దాన్ని కూడా కథ చేశాడు: మా బావమరిది ఇంటికి తాళం అక్కర్లేదు, నా తలుపే తాళం.

మేస్త్రి వెళ్ళేసరికి తలుపు బార్లా తీసి, లోపలి మొహం గోడకి ఆనించి ఉంది. అది కదలకుండా కుర్చీ అడ్డం పెట్టారు. కండక్టరు భార్య నేల తుడుస్తోంది. తుడిచినచోటే తుడుస్తోంది.

"రా అన్నయ్యా. ఆయన పడుకున్నారు. పడుకోడం అంటే... కళ్ళు మూసుకున్నారు."

"నువ్వు కానియ్యమ్మా," అన్నాడు మేస్త్రి. సంచి దించి, కుర్చీ పక్కకి జరిపాడు. బందుల స్క్రూలు ఊడదియ్యాలంటే తలుపు గోడ నుంచి ఇవతలికి రావాలి. పిడి పట్టుకుని లాగి, లోపలి మొహం కిటికీ వెలుగులోకి తిప్పాడు.

పచ్చరంగు మీద తెల్లగా గీతలు.

కర్ర మీద గీతని చూసి అది దేనిదో చెప్పడం ఆయన నలభై ఏళ్ళ పని. రంపం గీత వేరు, ఉలి గీత వేరు, కుక్క గోరు వేరు. ఇవి ఏ పనిముట్టువీ కావు. పిడి పక్కన, రెక్క ద్వారబంధాన్ని కలిసే అంచు దగ్గర నాలుగు గీతలు, కొంచెం ఎడంగా, సమాంతరంగా. ఆ సందులో వేళ్ళు దూర్చి రెక్కని ఇవతలికి గుంజాలని చూస్తే పడే గీతలు. అక్కడ రంగు ఒక్కటే లేచింది. దానికి చాలా కింద మరో నాలుగు. ఇవి లోతు. రంగు పోయి, కర్ర పోయి, పేడు లేచి ఉంది. పేడు సందున ఏదో చిన్నది, అర్ధచంద్రాకారంలో ఉన్నది, ఇరుక్కుని ఉంది. మేస్త్రి దాన్ని ముట్టుకోలేదు.

ఆయన ఆలోచించాలంటే చేతిలో మడత కొలబద్ద ఉండాలి. జేబులోంచి తీసి విప్పాడు. గడప నుంచి పై గీతలకి: మూడడుగుల తొమ్మిదంగుళాలు. అంటే నిలబడి ఉన్న మనిషి. పొట్టి మనిషి. కింది గీతలకి పెట్టి చూశాడు. రెండోసారి పెట్టి చూశాడు. రెండడుగుల నాలుగంగుళాలు.

అంత ఎత్తులో చెయ్యి పెట్టి తలుపు లాగాలంటే మోకాళ్ళ మీద ఉండాలి.

నేల మీద గుడ్డ చప్పుడు ఆగిపోయింది.

"అవి కాస్త నున్నగా చేసెయ్యి అన్నయ్యా," అంది వెనకనుంచి.

"ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూళ్ళేదు. పోలీసులొచ్చినప్పుడు తలుపు గోడకానే ఉంది. అప్పట్నించి మూయలేదు."

"రాత్రిళ్ళు?"

"కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంటున్నాం. మూస్తే పొద్దున తియ్యాలి కదా. తియ్యాలంటే అవి చూడాలి." ఆమె గుడ్డ పిండింది. నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. "తప్పు నాదే అన్నయ్యా. ఆ రోజు పంపు దగ్గరికెళ్తూ పూర్తిగా మూయలేదు, దగ్గరికేసి వెళ్ళాను. మళ్ళీ వచ్చేటప్పుడు బయటినుంచి భుజం పెట్టి తొయ్యాలి కదా, చేతిలో బిందె. వాడు మామూలుగా నడిచొచ్చాడు. ఈయనేమో రావడం రావడం అలవాటు కొద్దీ నడుంతో తోసి మూసేశారు. మూసి, ఇటు తిరిగారు."

మేస్త్రి స్క్రూలు ఒక్కోటీ తిప్పసాగాడు. పావుగంట పని. కింది మూల పావంగుళం చిత్రిక పట్టడం, అంతే. ఎనిమిది నెలల్లో ఏ పావుగంటైనా సరే ఆయనొచ్చి ఉంటే ఆ మనిషి ఓ ఇస్త్రీపెట్టె చంకన పెట్టుకుని వీధిలో పరిగెత్తేవాడు. వెనకాల కండక్టరు అరుచుకుంటూ పడేవాడు. ఆ సాయంత్రం చెక్కల మీద మేస్త్రి ఆ పరుగు గురించి చెప్పి అందరి పొట్టలూ చెక్కలు చేసేవాడు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. కండక్టరు అటు తిరిగి పడుకున్నాడు.

తలుపు రెక్క నెత్తిన పెట్టుకుని మేస్త్రి కొట్టుకి నడిచాడు, గీతల వైపు తన తలకి ఆనేలా. దారిలో ముగ్గురు పలకరించారు. ఒక్కరికీ కథ చెప్పలేదు. వాన వల్లేమో అనుకున్నారు.

*

గురువారం మధ్యాహ్నానికి తలుపు పనిబల్ల మీద గోనెపట్టా కప్పుకుని పడుకుని ఉంది. చిత్రిక దాని పక్కనే ఉంది. మేస్త్రి పొద్దున్నుంచి గుమాస్తా స్టూలు కాలు చేస్తున్నాడు. గుమాస్తా వచ్చి అది పూర్తయిందని తెలిసి, భయపడిపోయాడు.

"ఒంట్లో బాగానే ఉందా మేస్త్రీ?"

"పట్టుకెళ్ళండి."

"ఇవాళ రేపంటావనుకుని ఊరికే వచ్చానయ్యా," అన్నాడు గుమాస్తా. గోనెపట్టా వంకా, మేస్త్రి మొహం వంకా మార్చి మార్చి చూశాడు. కోర్టులో ముప్పై ఏళ్ళు కూచున్న మనిషి. ఏమీ అడక్కుండా స్టూలు తీసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగింటికి దర్జీ, టీకొట్టాయన, మరో నలుగురు వచ్చారు. సంతకాలు మూడొందలు దాటాయట.

"దొంగ తలుపట, చూపించవయ్యా," అన్నాడు దర్జీ. "దీన్ని గాజుపెట్టెలో పెట్టాలి. ఇంతకీ ఇవాళ్టికి వాడు ఎన్నడుగులు?"

"తెలీదు," అన్నాడు మేస్త్రి.

అందరూ గొల్లున నవ్వారు. ఆయన ఇంకా పెద్దది ఏదో చెప్పబోతూ ఊరిస్తున్నాడనుకున్నారు. ఆయన ఉలి నూరుతూ కూచున్నాడు. నవ్వు దానంతటది సన్నబడింది.

దర్జీ పట్టా అంచు పైకెత్తాడు. అది కింది గీతలున్న వైపు. కొలతల మనిషి చెయ్యి ఊరుకోదు. వేళ్ళు వాటంతటవే వెళ్ళి గీతల మీద వాలాయి. నాలుగు వేళ్ళు, నాలుగు గీతలు. సరిగ్గా సరిపోయాయి. అతని మెళ్ళో టేపు ఊగడం ఆగింది.

"ఏముంది?" అన్నాడు వెనకనుంచి టీకొట్టాయన.

దర్జీ చెయ్యి తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "ఏం లేదు. పిల్లి గీరింది."

"పిల్లే అయ్యుంటుంది," అన్నాడు టీకొట్టాయన, చూడకుండానే.

టీ వేళయిందని అందరూ లేచారు. దర్జీ ఆఖరున గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, మేస్త్రి చెవి దగ్గర అన్నాడు: "గట్టిగా పట్టు మేస్త్రీ చిత్రిక. ఒకటికి రెండు సార్లు పట్టు."

వాళ్ళు పోయిన కాసేపటికి కండక్టరు వచ్చాడు. ఉద్యోగంలోంచి తాత్కాలికంగా ఆపేసినా ఖాకీ చొక్కా తొడుక్కునే ఉన్నాడు. చెక్కల మీద కూచున్నాడు. కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద రాస్తూనే ఉంది, టిక్కెట్టు చించుతున్నట్టు.

"వీధిలో అందరూ దణ్ణాలు పెడుతున్నారు బావా. మంగలి డబ్బులు పుచ్చుకోలేదు. బస్సులో డ్రైవరు నన్ను ముందు సీట్లో కూచోబెట్టి హారన్ కొట్టాడు. దిగిపోయాను." బల్ల వైపు చూశాడు. "పట్టావా?"

"లేదు."

"వాన తగ్గాక పడతావా?"

"వాడెంత పొడుగున్నాడురా?"

కండక్టరు నవ్వబోయాడు, రాలేదు. "నీకంటే ఎవరికి తెలుసు? ఏడో ఎనిమిదో చెప్పావుగా."

"నేను చెప్పింది కాదు."

"నా అంత కూడా లేడు." వేళ్ళ రాపిడి ఆగింది. "ముందు భయమేసింది బావా, నీ మీదొట్టు. ఇటు తిరిగేసరికి మనిషి. చేతిలో ఏదో ఉంది. ఇస్త్రీపెట్టె అని నాకేం తెలుసు? మొదటి దెబ్బ భయంతోనే కొట్టాను. భుజం మీద పడింది. వాడు నన్ను తప్పించుకుని తలుపు దగ్గరికి ఉరికాడు. లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. అప్పుడు నా వైపు తిరిగి..."

మేస్త్రి ఉలి కింద పెట్టాడు.

"'అన్నా, ఈ తలుపెలా తీస్తారన్నా?' అన్నాడు. బస్సులోకి కొత్తగా ఎక్కినవాళ్ళు ఫలానా స్టాపు ఎప్పుడొస్తుందని అడుగుతారే, అలా. దొంగవెధవ, నన్నే అడిగాడు బావా."

"నువ్వేం చెప్పావు?"

"మొన్న సైకిలు పోయింది కదా. పోయినేడు గిన్నెలు పోయాయి. వీధిలో ఎవరింట్లో ఏం పోయినా అన్నీ వాడే ఎత్తుకుపోయినట్టు..."

"నేనడిగింది అది కాదు."

"ఏం చెప్పలేదు," అన్నాడు కండక్టరు. "కొట్టాను. మోకాళ్ళ మీద పడి మళ్ళీ తలుపే లాగాడు. మళ్ళీ అదే అడిగాడు."

"ఎన్ని దెబ్బలురా?"

"లెక్కపెట్టలేదు."

రోజుకి వెయ్యిమందిని లెక్కపెట్టేవాడు అన్నాడు ఆ మాట.

"మూడు మాటలు బావా. ఎత్తు, తన్ను, లాగు. నా నోట్లోనే ఉన్నాయి. మా ఇంటికి ఎవడొచ్చినా ముందు అవే చెప్తానుగా." లేచి నిలబడ్డాడు. "పట్టెయ్యి బావా. నీకు పావుగంట పని. నాకు జన్మంతా. అక్క మొహం చూసైనా."

మేస్త్రి చిత్రిక చేతిలోకి తీసుకున్నాడు. తిరగేసి, ఒక కన్ను మూసి కత్తి అంచు చూశాడు. బొటనవేలు అడ్డంగా రాసి పదును చూశాడు. బాగుంది. వెంట్రుకని నిలువునా చీల్చేంత బాగుంది, దానికి ఏమీ కలపనక్కర్లేదు. చిత్రికని తలుపు మీద పెట్టబోయి, బల్ల మీద పెట్టాడు.

"రేపు," అన్నాడు.

"రేపు ఆఫీసరొస్తాడు బావా!"

"పొద్దున్నే తెచ్చి బిగిస్తాను."

ఎనిమిది నెలలుగా ఆ మాట నమ్మి మోసపోయినవాడు, ఆ పూట కూడా నమ్మి ఇంటికెళ్ళిపోయాడు.

రాత్రి అన్నం దగ్గర భార్య అడిగింది: "అయిందా?"

"కత్తి నూరాను," అన్నాడు మేస్త్రి. ఆమె ఇంకో ముద్ద వడ్డించింది.

*

శుక్రవారం పొద్దున గోనెపట్టా చుట్టిన తలుపుతో మేస్త్రి ఆలస్యంగా వెళ్ళాడు. పట్టా విప్పి, బందులు కలిపి, రెక్కని ఎప్పట్లా గోడకి ఆనించి, లోపలి మొహం ఇంట్లోవాళ్ళకి కనపడకుండా చివరి స్క్రూ తిప్పుతుండగా వీధిలో జీపు ఆగింది. మేస్త్రి భార్య, ఆమె మరదలు గదిలో ఓ పక్కగా నిలబడ్డారు. కండక్టరు కుర్చీలో ఉన్నాడు. "అయిందా?" అన్నట్టు అక్క కనుబొమలెత్తింది. మేస్త్రి సంచిలో ఏదో వెతుక్కున్నాడు.

ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. గొడుగు బయట దులిపి, చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. వెనకే వాన జల్లు గది మధ్యదాకా కొట్టింది. "మీరుండండి," అని ఆయనే తలుపు పట్టుకుని తోశాడు. సగంలో ఆగింది. మళ్ళీ తోశాడు. ఆఖరికి ఆ ఇంట్లో అందరూ చేసినట్టే, ఎవరూ నేర్పకుండానే, నడుంతో ఓ తోపు తోశాడు. దబ్బుమని పడింది.

ఆ చప్పుడికి కండక్టరు తలెత్తాడు. పావంగుళం తగ్గిన తలుపు అలా పడదు. ఆ చప్పుడు అతనికి తెలుసు. బావ వంక చూశాడు. మేస్త్రి మిగిలిన స్క్రూలని రేకుడబ్బాలో ఒక్కోటీ వేసుకుంటున్నాడు.

బల్బు వేశారు. ఆఫీసరు తలుపుకి వీపు పెట్టి కూచుని పుస్తకం తెరిచాడు.

"మీరు వచ్చేసరికి మనిషి ఎక్కడున్నాడు?"

"అక్కడ సార్. బీరువా దగ్గర."

"మీ మీదకి వచ్చాడు."

అది ప్రశ్నలా లేదు. "వచ్చాడు సార్."

"చేతిలో బరువైన ఇనప వస్తువుంది. మీరు ప్రాణభయంతో చేతికందిన కర్ర తీసుకున్నారు."

"అవును సార్."

ఆఫీసరు రాసుకున్నాడు. గుండ్రటి అక్షరాలు, తొందర లేదు. పూర్తి చేసి కలం మూసి, ఉద్యోగం పక్కన పెట్టిన గొంతుతో అన్నాడు: "ఆ సంతకాల కాగితం మా వీధిలోకీ వచ్చిందండీ. మా నాన్నగారు పెట్టారు. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అయినా ఇదే జరిగేది. మీరు నిశ్చింతగా ఉండండి."

మేస్త్రి భార్య గట్టిగా ఊపిరి వదిలింది. మరదలి చెయ్యి పట్టుకుంది. ఇద్దరి కళ్ళూ నిండాయి. ఆఫీసరు లేచి, గొడుగు చంకన పెట్టుకుని, తలుపు పిడి పట్టుకుని లాగాడు.

రాలేదు.

గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని మళ్ళీ లాగాడు. కాలు గడపకి తన్నిపట్టి లాగాడు. తలుపు గోడలా ఉంది. ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వి, కండక్టరు వైపు తిరిగాడు.

"ఈ తలుపెలా తీస్తారండీ?"

మేస్త్రి చేతిలో డబ్బా ఉంది. దాన్లో ఒక స్క్రూ ఇంకో స్క్రూకి తగిలి చిన్న చప్పుడు చేసింది.

"వానకి పట్టేసింది సార్, ఉండండి నే తీస్తాను," అంటూ మేస్త్రి భార్య ముందుకొచ్చింది.

"నువ్వుండక్కా," అన్నాడు కండక్టరు.

లేచాడు. కుర్చీకీ తలుపుకీ మధ్య నాలుగడుగులు. లోతు నీళ్ళలో నడిచినట్టు నడిచాడు. "పిడి పట్టుకుని పైకెత్తాలి సార్," అన్నాడు. ఎత్తాడు. "కింద ఇక్కడ, బొటనవేలితో తన్నాలి." ఎక్కడ తన్నుతున్నాడో చూడ్డానికి ఆఫీసరు కిందికి చూశాడు. చూసినవాడు మళ్ళీ తల ఎత్తలేదు. "ఇంక లాగడమే."

తలుపు వచ్చేసింది. దగ్గినంత సేపు కూడా పట్టలేదు. వాన జల్లు, వీధి వెలుగు ఒక్కసారిగా లోపలికొచ్చాయి.

"ఇంతేనా?" అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా.

"ఇంతే సార్." కండక్టరు పిడి వదలడంలేదు. "వాడూ ఇదే అడిగాడు. చెప్పలేదు."

"ఒరేయ్!" అంది అక్క. ఆ ఒక్క మాటే. తరవాత మొగుడి వైపు తిరిగింది. ఆమె చూపు ఆయన సంచిలోని చిత్రిక మీద పడింది. దాని నోట్లో ఒక్క పచ్చ పొట్టు ముక్క లేదు.

ఆఫీసరు గడప దాటబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. తలుపుని మెల్లగా, సగం మూసి, బల్బు వెలుగులోకి తిప్పి, దాని ముందు గొంతుకూచున్నాడు. చాలాసేపు అలాగే కూచుని, పుస్తకం తెరిచి, రాసిన పేజీ వదిలేసి కొత్త పేజీ తిప్పాడు.

"ఇవి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవాలి," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

మేస్త్రి చెయ్యి జేబులోకి వెళ్ళింది కానీ కొలబద్ద తియ్యలేదు.

"రెండడుగుల నాలుగంగుళాలు," అన్నాడు. అంగుళం కూడా కలపలేదు.